మారుతి 800కి పట్టిన తుప్పు: తిరువాన్మియూరులో నా అనుభవం

చెన్నైలో తిరువాన్మియూరు, కొట్టివాక్కం, బెసంట్ నగర్ వైపు ఉండేవాళ్ళకు ఇనుము మీద పెద్దగా నమ్మకం ఉండదు. గేటు గొళ్ళెం, కిటికీ ఊచలు, ఏసీ స్టాండు, సైకిల్ చెయిన్, దేన్నీ సముద్రపు గాలి వదలదు. మా ఇల్లు బీచ్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది. ఆ ఇంటి ముందు, షెడ్డు లేని చోట, 1998 మోడల్ మారుతి 800 ఇన్నేళ్ళుగా నిలబడి ఉంది. అప్పట్లో నాన్న కొత్తగా కొన్న బండి. ఇంజన్‌కి ఇప్పటికీ వంక పెట్టలేం. పోతున్నదల్లా బాడీ.

ఆ బాడీని నిలబెట్టడానికి ఏం చేశామో, ఏ పని ఎందుకు చేశామో వివరంగా రాస్తున్నాను. పాత బండ్లున్న మనవాళ్ళు చాలామంది ఒకే చోట డబ్బు పోగొట్టుకోవడం చూశాను. తుప్పు మీదే లప్పం పెట్టించి, రంగు కొట్టించి, ఏడాది తిరక్కుండా మళ్ళీ అదే షెడ్డుకి వెళ్తుంటారు.

మా బండిలో బయటికి కనిపించింది చాలా తక్కువ. డ్రైవర్ వైపు తలుపు కింద రన్నింగ్ బోర్డు మీద, వెనక చక్రం పైన వంపు దగ్గర, రంగు కింద చిన్న చిన్న పొక్కులు. గోటితో నొక్కితే చిట్లి ఎర్రటి పొడి రాలేది. ఇలాంటి పొక్కు చూడగానే తుప్పు ఇప్పుడే మొదలైందనుకుంటాం. రాయి తగిలి రంగు లేచిన చోటైతే అది నిజమే. కానీ తలుపు అడుగున, రన్నింగ్ బోర్డు మీద, చక్రం వంపు దగ్గర వచ్చే పొక్కు చాలావరకు లోపలి నుంచి వచ్చేదే. అవన్నీ రెండు రేకులు కలిపి అతికిన డొల్ల భాగాలు. లోపల నీళ్ళు, మట్టి చేరతాయి. తుప్పు అక్కడ మొదలై రేకును తినుకుంటూ వచ్చి చివరికి బయటి రంగును లేపుతుంది. ఇనుము తుప్పుగా మారినప్పుడు అంతకుముందు కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి రంగు ఉబ్బుతుంది. మనకు పొక్కు కనపడే వేళకి లోపల జరగాల్సింది చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

మారుతి 800 లాంటి కార్లకు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. బాడీయే ఛాసిస్. రన్నింగ్ బోర్డు, ఫ్లోరు, చక్రాల లోపలి గోడలు అన్నీ కలిసి బండి బరువు మోస్తాయి. సీటు బెల్టు బోల్టు బిగించేదీ ఆ రేకుకే. అందుకే ఇది అందం కోసం చేయించే పని అనుకోకూడదు. జాకీ పెట్టినప్పుడు రేకు లోపలికి నొక్కుకుపోతుంటే, ఆ బండిలో ఇంట్లో వాళ్ళని ఎక్కించుకుని హైవే మీదికి వెళ్ళడం మంచిది కాదు.

ఉప్పు గురించి కూడా కాస్త చెప్పాలి. ఇనుము తుప్పు పట్టడానికి ఆక్సిజన్, నీళ్ళు చాలు. ఆ నీళ్ళలో ఉప్పు కలిస్తే పని వేగంగా సాగుతుంది. ఉప్పునీటిలో కరెంటు సులువుగా పారుతుంది, ఇనుము మీద ఏర్పడే పల్చని రక్షణ పొర కూడా నిలవదు. పైగా ఉప్పుకి తేమ లాక్కునే గుణం ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే అది తనంతట తానే నీరవుతుంది. చెన్నైలో చాలా ఉదయాలు తేమ అంతకన్నా ఎక్కువే. అంటే వాన చినుకు పడకపోయినా, బండి మీద, బండి కింద పేరుకున్న ఉప్పు పొర దాదాపు రోజూ కాసేపు తడిగా ఉంటుంది. ఇదే రాష్ట్రంలో ఇంకా దక్షిణాన, 1914లో మొదలైన పంబన్ రైలు వంతెన మీద 2022 డిసెంబర్‌లో రైళ్ళు ఆపేశారు. దాన్ని అన్నేళ్ళుగా తింటూ వచ్చింది ఈ ఉప్పు గాలే. అక్కడికి దగ్గర్లోని మండపంలో కారైకుడిలోని కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ (సెక్రి) శాస్త్రవేత్తలు సముద్రపు గాలికి లోహాలు ఎలా తుప్పు పడతాయో పరీక్షించే కేంద్రం నడుపుతున్నారు.

మా బండికి గాలి చాలదన్నట్టు నీళ్ళు కూడా తోడయ్యాయి. 2023 డిసెంబర్‌లో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు బండి వేళచ్చేరిలో చిన్నాన్న వాళ్ళింటి దగ్గర ఉంది. వీధిలో నీళ్ళు తలుపు అంచు దాకా వచ్చి అలాగే నిలిచాయి. నీళ్ళు తీశాక ఆయిళ్ళు మార్పించాం, మ్యాట్లు ఎండబెట్టాం, బండి స్టార్టయింది, అందరం ఊపిరి పీల్చుకున్నాం. పొక్కులు ఆ తర్వాతి ఏడాది బయటపడ్డాయి.

పుదుపేట్టై, జీపీ రోడ్ చుట్టుపక్కల చాలా షెడ్లు తిరిగాను. దాదాపు అందరిదీ ఒకటే మాట. లప్పం పెట్టి ఫుల్ పెయింట్ కొడితే కొత్త బండి అయిపోతుంది సార్, అని. ఒక షెడ్డులో అయితే కార్పెట్ లేపి చూడమంటే అవసరం లేదన్నారు. చూడకుండానే రేటు చెప్పారు. తుప్పు పని చేయించాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇదే: కార్పెట్ లేపకుండా రేటు చెప్పే చోట బండి ఇవ్వకండి.

చివరికి మేడవాక్కం వైపు ఒక మేస్త్రి దొరికారు. నాయుడుపేట దగ్గరి వాళ్ళు. చిన్నప్పుడే మద్రాసు వచ్చి టింకరింగ్, అంటే బండి రేకు పని, నేర్చుకున్నారట. మాది శ్రీకాళహస్తి కాబట్టి మాట కలిసింది. కానీ నమ్మకం కుదిరింది మాట వల్ల కాదు, ఆయన బండిని చూసిన పద్ధతి వల్ల. రంగు వైపు చూడనే లేదు. నేల మీద గోనెపట్టా పరిచి పక్కకు ఒరిగి, చిన్న సుత్తితో రన్నింగ్ బోర్డు అడుగున ఈ చివర నుంచి ఆ చివరికి కొట్టుకుంటూ పోయారు. గట్టిగా కాదు, తలుపు తట్టినంతే. చెవి మాత్రం అక్కడే పెట్టారు. మంచి రేకు మీద పడితే ఖంగుమని మోగుతుంది. తుప్పు పొర ఉన్నచోట ఆ మోత చచ్చిపోతుంది. రెండు చోట్ల సుత్తి మోగనే లేదు, లోపలికి దిగిపోయింది. మంచి చోట చాక్‌పీసుతో గీత, అనుమానం ఉన్నచోట సున్నా, పోయిన చోట ఇంటూ మార్కు. బండి కిందంతా అలా గుర్తులు పెట్టారు.

"అన్నా, ఎంతవరకు కొయ్యాల్సి వస్తది?" అని అడిగాను.

"మంచి రేకు తగిలిందాకా. మజ్జలో ఆపినామంటే మళ్ళా నా కాడికే వస్తావు తమ్ముడూ."

సీట్లు విప్పి కార్పెట్ లేపాం. పైన పొడిగా ఉంది. కింద ఉన్న ఫెల్టు పిండితే చెయ్యి తడిసింది. వాన పడి చాలా రోజులైంది, అయినా తడే. ఆ ఫెల్టు కింద కంపెనీలోనే అంటించిన నల్లటి తారు షీటు ఉంటుంది, చప్పుడు తగ్గడానికి. అది పగిలిన ప్రతిచోటా పగులు వెంబడే తుప్పు. ముందు ఎడమ సీటు కాళ్ళ దగ్గర ఫ్లోరు కింద లైటు పెట్టి పైనుంచి చూస్తే చుక్కలు చుక్కలుగా వెలుతురు కనపడింది. స్క్రూడ్రైవర్ మొన ఆనిస్తే చాలు, దిగిపోతోంది.

తుపాను నీళ్ళయితే ఎప్పుడో ఎండిపోవాలి కదా, ఈ తడి ఎక్కడిదని మేస్త్రి వైపర్ల కింద జాలీ విప్పించారు. మా వీధిలో నిద్రగన్నేరు చెట్లు ఉన్నాయి. వాటి చిన్న చిన్న ఆకులు జాలీ సందుల్లోంచి లోపలికి పోయి, కుళ్ళి, నల్లటి బురదయ్యాయి. వాననీళ్ళు బయటికి పోవాల్సిన రంధ్రం పూర్తిగా మూసుకుపోయింది. ఒక మగ్గు నీళ్ళు పోసి చూశాం. కింద రోడ్డు మీద పడాల్సిన నీళ్ళు డాష్‌బోర్డు వెనక నుంచి ఎడమ సీటు కాళ్ళ దగ్గరికి జారాయి. బండి కడిగిన ప్రతిసారీ, వాన పడిన ప్రతిసారీ జరుగుతున్నది ఇదే. పాత కారున్న వాళ్ళెవరైనా ఈ ఒక్క పరీక్ష చేసుకోండి. ఒక మగ్గు నీళ్ళు పోసి, అవి ఎటు నుంచి బయటికి వస్తాయో చూడండి. రాకపోతే ముందు ఆ దారి తెరవండి, తర్వాతే మిగతా సంగతి.

ఇలాంటి దారులు బండి నిండా ఉంటాయి. తలుపుల అడుగున అంచులో సన్నటి చీలికలు ఉంటాయి. అద్దం పక్క రబ్బరు దాటి తలుపులోకి దిగే నీళ్ళు అక్కడి నుంచి పోవాలి. రన్నింగ్ బోర్డు అడుగున రంధ్రాలు ఉంటాయి. డిక్కీలో స్టెప్నీ కింద రబ్బరు బిరడా ఉంటుంది. మా బండి తలుపుల చీలికలు పాత పెయింటు పనిలో పూడిపోయాయి. రన్నింగ్ బోర్డు రంధ్రాల సంగతి ఇంకా ఘోరం. కొన్నేళ్ళ కిందట ఒక చోట కింది భాగమంతా యాంటీ రస్ట్ కోటింగ్ అని నల్లగా దట్టంగా కొట్టించాం. వాళ్ళు మట్టి కడగలేదు, తుప్పు గీకలేదు, రంధ్రాలకు అడ్డు పెట్టలేదు. వాటి మీద నుంచే కొట్టేశారు. చూడటానికి బండి కింద నున్నగా, నల్లగా, కొత్తగా ఉంది. దాని వెనక నీళ్ళు పోయే దారి లేక, మట్టి తడిగానే నిలిచి, రేకు అట్టలు అట్టలుగా లేచింది. పుచ్చు తీయకుండా పన్ను మీద సిమెంటు పెడితే ఏమవుతుందో ఇక్కడా అదే అయింది. కోటింగ్ అన్నదే చెడ్డదని నేననను. శుభ్రమైన, పొడిగా ఉన్న, ప్రైమర్ (రంగుకి ముందు కొట్టే అడుగు పూత) పట్టించిన రేకు మీద అది మంచి రక్షణ. తుప్పు మీద కొడితే మాత్రం తుప్పుకే రక్షణ.

పని సంక్రాంతి తర్వాత మొదలుపెట్టాం. చెన్నైలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ రోజుల్లో రేకు గీకితే సాయంత్రానికే మళ్ళీ ఎర్రబారుతుంది. ఫిబ్రవరి, మార్చి మంచి కాలం.

మొదటి పని ఆ నల్ల కోటింగ్ తీయడం. హీట్ గన్‌తో వేడి చేస్తూ గీకుడు బిళ్ళతో లాగాలి, మిగిలిన జిడ్డు కిరోసిన్ గుడ్డతో తుడవాలి. ఇందులో తెలివితేటలు పెద్దగా అక్కర్లేదు, ఓపిక కావాలి. మేస్త్రి కుర్రాళ్ళతో పాటు నేను కూడా బండి కింద పడుకుని చేశాను. కళ్ళద్దాలు, ముక్కుకి మంచి మాస్కు తప్పనిసరి. వైర్ బ్రష్‌ని గ్రైండర్‌కి బిగించినప్పుడు దాని తీగలు సూదుల్లా ఎగిరొస్తాయి. షెడ్లలో ఎవరూ అద్దాలు పెట్టుకోరు, మనం మాత్రం పెట్టుకోవాలి, వాళ్ళకీ ఇవ్వాలి.

గీకాక కడగాలి. ఇది చాలామంది వదిలేసే మెట్టు. తుప్పు గుంటల అడుగున ఉప్పు దాక్కుని ఉంటుంది. పైన ఎంత మెరిసేలా రుద్దినా అది పోదు, నీళ్ళతోనే పోవాలి. ఏ నీళ్ళన్నదీ ముఖ్యమే. మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళు నాలుక మీద పెడితేనే ఉప్పు తెలుస్తుంది. తీరం వెంబడి చాలా బోర్లు అంతే. వాటితో రోజూ కారు కడిగించడమంటే రోజూ ఉప్పు పూయించడమే. మేము మెట్రో వాటర్‌తో, అంటే నగరంలో సరఫరా చేసే మంచినీళ్ళతో కడిగి, కంప్రెసర్ గాలి కొట్టి, ఎండలో ఆరబెట్టాం.

తర్వాత కోత. చాక్‌పీసుతో ఇంటూ పెట్టిన చోట్లన్నీ ఇప్పుడు నిజంగానే రంధ్రాలు. ఎడమ ఫ్లోరులో ఒక పెద్ద ముక్క, రెండు రన్నింగ్ బోర్డుల అడుగు భాగం, వెనక కుడి వంపులో కొంత. రన్నింగ్ బోర్డు కోసి తెరిస్తే లోపల చేటెడు మట్టి ఉంది. తేమగా ఉన్న మట్టి. వేళచ్చేరి నీళ్ళు తెచ్చి పెట్టినదే అయ్యుంటుంది.

కొత్త రేకు విషయంలో మాకు కొంత చర్చ నడిచింది. జింకు పూత ఉన్న జీఐ షీటు పెడితే తుప్పు పట్టదు కదా అన్నాను. మేస్త్రి వద్దన్నారు. వెల్డింగ్ వేడికి జింకు కాలి తెల్లటి పొగ వస్తుంది. అది పీలిస్తే రాత్రికి చలిజ్వరం. ఆయనకు కుర్రతనంలో అది అనుభవమే. అదీకాక అతుకు దగ్గర జింకు ఎలాగూ పోతుంది. అందుకని జింకు పూత లేని 20 గేజ్ సీఆర్ ఉక్కు షీటు, అంటే దాదాపు 0.9 మిల్లీమీటర్ల మందం, తెచ్చి సుత్తితో వంపులు తీర్చారు. రన్నింగ్ బోర్డులకు రెడీమేడ్ ముక్కలు దొరుకుతాయి గానీ, మాకు దొరికినవి పల్చగా అనిపించి వద్దనుకున్నాం.

వెల్డింగ్ ముందు రెండు జాగ్రత్తలు. బ్యాటరీ తీగలు విప్పేయాలి. పెట్రోలు ట్యాంకు, పైపులు దించి దూరంగా పెట్టాలి. వెనక వంపు దగ్గర వెల్డింగ్ అంటే ట్యాంకు పక్కనే నిప్పు. గ్యాస్ మంటతో చేసే వెల్డింగ్ వద్దని, కార్బన్ డయాక్సైడ్ కాపులో కరెంటుతో తీగ కరిగించే సీఓటూ వెల్డింగే చేయించాను. గ్యాస్ వేడికి పల్చటి రేకు మెలి తిరుగుతుంది, చుట్టుపక్కల రంగు ఎక్కువ కాలుతుంది. సీఓటూతో చుక్క చుక్కగా, ఒక చోట పెట్టి దూరంగా ఇంకోచోట పెట్టి, రేకు చల్లారనిస్తూ కలుపుకుంటూ వచ్చారు. తలుపులు ఊరికే బిగించి, మూసి తెరిచి చూస్తూ చేశారు. రన్నింగ్ బోర్డు కోసినప్పుడు బాడీ కాస్త కుంగినా తలుపు సందు మారిపోతుంది. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకున్నారు.

కోసేసిన చోటు సరే. కోయాల్సినంత పోని చోట్లు ఉన్నాయి కదా, సున్నా గుర్తు పెట్టినవి. రేకు గట్టిగానే ఉంది గానీ పైనంతా గుంటలు గుంటలుగా తుప్పు. ఎంత రుద్దినా గుంటల అడుగున గోధుమరంగు మిగిలింది. ఇక్కడే రస్ట్ కన్వర్టర్, అంటే తుప్పును వేరే పదార్థంగా మార్చే మందు, వాడాం.

ఇవి ప్రధానంగా రెండు రకాలు. ఒకటి ఫాస్ఫారిక్ యాసిడ్‌ది. అది తుప్పును కరిగిస్తూ ఇనుము మీద ఫాస్ఫేట్ పొర కడుతుంది. బయటికి కనపడే, కడగడానికి వీలున్న రేకు మీద బాగుంటుంది. రెండు రేకుల మధ్య సందులోకి వెళ్తే మాత్రం యాసిడ్ అక్కడే ఉండిపోతుంది, అది ఇంకో తలనొప్పి. రెండోది టానిక్ యాసిడ్‌ది. టానిన్ తుప్పుతో కలిసి ఫెర్రిక్ టానేట్ అనే నీలి నలుపు పదార్థంగా మారుతుంది. అది నీళ్ళకు కరగదు, అంటుకుని ఉంటుంది. మేము సందుల దగ్గర ఇది వాడాం.

బ్రష్‌తో పూశాక కాసేపు ఏమీ అనిపించలేదు. తర్వాత అంచుల నుంచి రంగు మారడం మొదలైంది. ఎరుపు ముందు ఊదాగా, ఆపైన నల్లగా, ఒక్కో గుంటా అడుగు నుంచి నిండుతున్నట్టు. నాకు వెంటనే శ్రీకాళహస్తి గుర్తొచ్చింది. మా ఊళ్ళో కలంకారీ బట్టను ముందు కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో తడిపి ఆరబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో పులియబెట్టిన కసిమితో వెదురు కలం పట్టుకుని గీత గీస్తే, గీసేటప్పుడు పల్చగా ఉన్న గీత చూస్తుండగానే నల్లబడుతుంది. కరక్కాయలో ఉన్నది టానిన్. కసిమిలో ఉన్నది ఇనుము. బట్ట మీద నల్లగీతగా నిలిచేదీ, మా బండి ఫ్లోరు మీద నల్లబడిందీ ఒకే రసాయనం. మేస్త్రికి చెబితే ఆయన చాలా సంతోషించారు. నాయుడుపేట మనిషికి కరక్కాయ తెలియకపోవడమేముంది!

కన్వర్టర్ గురించి డబ్బాల మీద గొప్పగా రాస్తారు గానీ, అది పల్చటి, గట్టిగా అంటుకున్న తుప్పును మాత్రమే మారుస్తుంది. అట్టలుగా లేచిన తుప్పు మీద పూస్తే పైపొర నల్లబడుతుంది, కింద అంతా అలాగే ఉంటుంది. పోయిన రేకును అది తిరిగి తేలేదు. కన్వర్టరే పెయింటు అనుకుని అక్కడితో ఆపకూడదు, పైన ప్రైమర్ పడాలి.

చిన్న సామాను నేను ఇంట్లోనే చేసుకున్నాను. బ్యాటరీ ట్రే, హార్న్ బ్రాకెట్, స్టెప్నీ క్లాంపు, జాకీ హ్యాండిల్ లాంటివి. ఇందుకు డాబా మీద ఒక ప్లాస్టిక్ బకెట్టు, బట్టల సోడా, బ్యాటరీ ఛార్జర్ చాలు. నీళ్ళలో సోడా కలిపి, తుప్పు పట్టిన వస్తువును ఛార్జర్ నెగటివ్ తీగకు, ఒక పాత ఇనుప ముక్కను పాజిటివ్ తీగకు కలిపి, రెండూ ఒకదానికొకటి తగలకుండా ముంచాలి. కరెంటు ఇవ్వగానే వస్తువు చుట్టూ సన్నటి బుడగలు వస్తాయి. రాత్రికి పెట్టి పొద్దున తీస్తే తుప్పు నల్లటి బురదగా మారి బ్రష్‌కే ఊడి వస్తుంది, మంచి ఇనుము అరగదు. ఆ బుడగలు హైడ్రోజన్, కాబట్టి ఆరుబయటే చేయాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు మాత్రం పెట్టకండి. అందులోని క్రోమియం విషపూరితమైన రూపంలో నీళ్ళలోకి దిగుతుంది. ఉప్పు కూడా వేయొద్దు, క్లోరిన్ వస్తుంది. తీసిన వెంటనే కడిగి, ఆరబెట్టి ప్రైమర్ కొట్టాలి. మా డాబా మీద మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యే లోపు ఆ పని ముగించేవాణ్ణి, లేకపోతే కళ్ళ ముందే పసుపు మచ్చలు.

ప్రైమర్ దగ్గర మేస్త్రికీ నాకూ మాట పట్టింపు వచ్చింది. ఆయన చేతికి అలవాటు రెడ్ ఆక్సైడ్. నేను రెండు డబ్బాలు కలిపి కొట్టే ఎపాక్సీ ప్రైమర్ కావాలన్నాను. మామూలు రెడ్ ఆక్సైడ్ తేమను పూర్తిగా ఆపదు. దాన్ని పై రంగు లేకుండా వదిలేస్తే నెమ్మదిగా నీళ్ళు లోపలికి దిగుతాయి. ఎపాక్సీ గట్టిపడ్డాక నీళ్ళను బాగా అడ్డుకుంటుంది, శుభ్రమైన ఇనుముకు బాగా పట్టుకుంటుంది. కలిపాక ఇన్ని గంటల్లోపే కొట్టేయాలని గడువు ఉంటుంది, ఖరీదూ ఎక్కువే. "నీ బండి, నీ ఇష్టం తమ్ముడూ" అని ఒప్పుకున్నారు. కొట్టాక ఆరిన ప్రైమర్‌ని గోటితో గీరి చూసి, అప్పుడు తలూపారు.

ఎపాక్సీ మీద అతుకులన్నిటికీ సందులు మూసే సీమ్ సీలర్ పట్టించాం. లప్పం చాలా కొద్దిగా, ప్రైమర్ పైనే పెట్టాం, రేకు మీద నేరుగా కాదు. లప్పం నీళ్ళు పీలుస్తుంది కాబట్టి వట్టి ఇనుము మీద పెడితే దాని కిందే తుప్పు మొదలవుతుంది. ఇక మిగతా పెయింటు పని అందరికీ తెలిసిందే, నీళ్ళ పేపర్ కొట్టడం, రంగు కలిపించడం, కొట్టడం. నాన్న మాత్రం పాత తెలుపే ఉండాలన్నారు. కింది భాగానికి ఈసారి కూడా నల్ల కోటింగే కొట్టాం. కానీ రంధ్రాలన్నిట్లో ముందే చిన్న రబ్బరు ముక్కలు దోపి, కొట్టాక పీకేశాం.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఆఖరున చేశాం. అది బయటికి కనపడదు. రన్నింగ్ బోర్డు డొల్ల లోపల, తలుపుల లోపల, వెనక వంపుల వెనక, వెల్డింగ్ చేసినప్పుడు లోపలి వైపు రంగు కాలిపోయి వట్టి ఇనుము మిగులుతుంది. అక్కడికి బ్రష్ పోదు, స్ప్రే గన్ పోదు. కొత్త అతుకులు మొదట గుల్లయ్యేది అక్కడి నుంచే. దీనికి కావిటీ వ్యాక్స్ అని దొరుకుతుంది. పొడవాటి సన్నటి గొట్టం, చివర చుట్టూ చిమ్మే నాజిల్. రంధ్రంలోంచి గొట్టం చివరిదాకా దోపి, మెల్లగా వెనక్కి లాగుతూ కొట్టాలి. పల్చగా పారి సందుల్లోకి దిగుతుంది, తర్వాత చిక్కబడి మైనం పొరగా నిలుస్తుంది. కింద రంధ్రాల్లోంచి కారడం మొదలైతే లోపలంతా పట్టినట్టు. కారడం ఆగాక ఒక పుల్లతో రంధ్రాలు మళ్ళీ తెరవాలి. పాత రోజుల్లో షెడ్లలో వాడేసిన ఇంజన్ ఆయిల్ కొట్టేవారు. అది రబ్బరు బుష్షులను పాడు చేస్తుంది, వానకి కారి నేలలో కలుస్తుంది. మేస్త్రి అలవాటుగా ఆయిల్ డబ్బా తీస్తే వద్దన్నాను.

ఖర్చు విషయానికొస్తే, కూలీ, రేకు, ప్రైమర్, రంగు, వ్యాక్స్ అన్నీ కలిపి నలభై వేలు దాటింది. ఈ బండి అమ్మితే దాదాపు అంతే వస్తుంది. లెక్క ప్రకారం చూస్తే ఇది చేయకూడని పని అనేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మాట కాదనలేను. మా ఇంట్లో ఇంకో బండి కొనే ఆలోచన లేదు, ఇదొక్కటే మాకు కావాలి, అందుకని చేయించాం. 15 ఏళ్ళు దాటిన సొంత కార్లకు ఐదేళ్ళకోసారి ఆర్‌సీ రెన్యువల్ ఉంటుంది. 2022 ఏప్రిల్ నుంచి దాని ఫీజు 600 నుంచి 5,000కి పెరిగింది. 20 ఏళ్ళు దాటిన కార్లకైతే 2025 ఆగస్టులో 10,000 చేశారు. మాకు 2028లో మళ్ళీ వస్తుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు బండి నిలబెట్టాలంటే బాడీ గట్టిగా ఉండాలి కాబట్టి ఈ ఖర్చు ఎప్పుడో ఒకప్పుడు తప్పదు కూడా.

పని ఎంతవరకు నిలిచిందో వానాకాలం వెళ్ళాకే తెలిసింది. నవంబర్‌లో గట్టి వానలు పడ్డాక కార్పెట్ లేపి ఫెల్టు నొక్కి చూశాను, పొడిగా ఉంది. రన్నింగ్ బోర్డు రంధ్రంలోంచి సన్నటి కెమెరా పంపి ఫోన్‌లో చూశాను. మైనం పొర చాలావరకు అలాగే ఉంది. కుడి వెనక వంపు దగ్గర, పాత రేకూ కొత్త రేకూ కలిసే గీత మీద, గోరంత చోట గోధుమరంగు కనపడింది. ఫొటో పంపితే మేస్త్రి ఫోన్ చేసి, "అది వ్యాక్స్ అందని చోటు. ఎండలు ముదరకముందే తీసకరా, గీకి మళ్ళా కొడదాం" అన్నారు. ఏటా అక్టోబర్‌కి ముందు ఒకసారి వ్యాక్స్ అందించడం, నెలకోసారి వైపర్ల కింద ఆకులు తీయడం, బోరు నీళ్ళు బండికి తగలనీయకపోవడం, ఇవి ఇప్పుడు మా ఇంట్లో నాన్న చూసుకునే పనులు. ఆకులు తీశాక ఒక మగ్గు నీళ్ళు పోసి, వంగి కిందికి కారుతున్నాయో లేదో ఆయనే చూస్తారు.